గేరుపెట్టెలోని నూనె



జాడీలో నూనె యడుగంటినచో మనకు వెంటనే తెలియును. దీపములో చమురు తరిగినచో వత్తియే చిటపటలాడి మనలను పిలుచును. వాకిట నిలిచియున్న కారులో నూనె తరిగినను, మాడినను మాత్రము మనకు తెలియుట లేదు. అది పురుషుల పని యనియో, మేస్త్రీల పని యనియో విడిచిపెట్టుచున్నాము. నేడు మన చిన్న యూళ్లలో సహితము స్త్రీలు కార్లు నడపుచున్నారు. పిల్లలను, వృద్ధులను ఎక్కించుకొని దూరప్రయాణములు చేయుచున్నారు. కావున తానే గేర్లు మార్చుకొను కార్లలోని నూనెను గూర్చి నాకు తెలిసిన నాలుగు మాటలు మీతో ముచ్చటింపదలచితిని.

మాది కడప జిల్లాలోని యెర్రగుంట్ల. చుట్టును నాపరాతి గనులు, సిమెంటు కర్మాగారములు. రేయింబవళ్లు లారీలు, వాని వెంట దుమ్ము. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుట మాకు వింత గాదు. మా వారు బడిలో ఉపాధ్యాయులు. ఆయనకు ఎడమ మోకాలు చెడినందున క్లచ్చి త్రొక్కరాదని వైద్యులు చెప్పిరి. అందుచే మూడేండ్ల క్రిందట, అప్పటికే 70,000 కిలోమీటర్లు తిరిగిన ఆటోమేటిక్ కారొకటి కొంటిమి. దూరప్రయాణములందు నేనే నడపుదును. మా యత్తగారిని నెలకొకమారు కడపలోని వైద్యునొద్దకు తీసికొనిపోవలెను. ఆ కారు మాకు విలాసవస్తువు గాదు.

ఇట్టి గేరుపెట్టె నిన్న మొన్నటిది గాదు. 1939లోనే అమెరికాలో జనరల్ మోటార్సు వారు హైడ్రామాటిక్ అను పేరుతో దీనిని అమ్మకమునకు తెచ్చిరి. మన దేశమున 2014లో మారుతి సెలెరియో వచ్చిన పిమ్మట సామాన్య గృహస్థులకును క్లచ్చి పెడలు లేని కారు అందుబాటులోనికి వచ్చినది. 2019 నుండి మన సీమలోనే, పెనుకొండ చెంత, కియా వారి కర్మాగారమున ఇట్టి రకములు కూడ తయారగుచున్నవి.

మామూలు గేరుపెట్టెలో నూనె పండ్లచక్రములు అరిగిపోకుండ కాపాడును. దాని ముఖ్యమైన పని అంతియే. ఆటోమేటిక్ పెట్టెలోనో, నూనెయే సగము యంత్రము. రెండు పంకాలను ఎదురెదురుగా నూనెలో ఉంచినట్లు భావింపుడు. ఇంజను ఒక పంకాను త్రిప్పగా, దానిచే చిమ్మబడిన నూనె రెండవ పంకాను త్రిప్పును. ఆ త్రిప్పుటచేతనే బండి కదలును. ఆ నూనె యొత్తిడియే లోపలి క్లచ్చి బిళ్లలను బిగించి గేరును మార్చును. ఆ నూనెయే వేడిని మోసికొనిపోయి చల్లార్చుకొని వచ్చును. సంస్కృతమున స్నేహమనగా చెలిమియు, నూనెయు గూడ. రెండు గట్టి వస్తువుల నడుమ రాపిడి లేకుండ చేయునది యేదైనను స్నేహమే యని మా నాయనగారు చెప్పుచుండెడివారు.

గత వేసవిలో మా యాడుబిడ్డ యింటికి రాయచోటికి పోవుచుంటిమి. కడప దాటి గువ్వలచెరువు ఘాటు ఎక్కుచుండగా కారు వింతగా ప్రవర్తింప నారంభించెను. ఇంజను రొద హెచ్చుచున్నది గాని వేగము హెచ్చదాయెను. వెనుక బరువు లారీ. వెనుక సీటులో మా యత్తగారు కన్నులు మూసికొని దైవనామము జపించుచుండిరి. విశాలమైన చోటు చూచి బండిని ప్రక్కకు తీసి, అరగంట చల్లారనిచ్చి, మెల్లగా గట్టెక్కితిమి.

ఊరికి తిరిగివచ్చి మేస్త్రీ నడిగితిని. అతడు నవ్వి, "అయ్యవారమ్మా, ఈ బండికి గేరాయిలు చూసే పుల్లే లేదు. కంపెనీవోళ్లు సీలు చేసి పంపిచ్చినారు. బండి ఉన్నన్నాళ్లు అదే ఆయిలు. దాన్ని ముట్టుకునే పనే లేదు" అనెను. అతడు తనకు తెలిసినది చెప్పెను. నాకు మాత్రము తృప్తి కలుగలేదు. నూనె యాయువు గేరుపెట్టె యాయువుతో సమానమన్నచో, నూనె చెడిన నాడే పెట్టెయు చెడునని యర్థము వచ్చును గదా!

మా నాయనగారు నాకు కావ్యములు చెప్పునపుడు మూలము చదివి ఊరకుండనిచ్చెడివారు గారు. వ్యాఖ్యానము గూడ చూడుమనెడివారు. ఆ యలవాటుచే కారుతో వచ్చిన పుస్తకమును తీసి చదివితిని. పట్టికలో గేరునూనెకు ఎదురుగా 'పరీక్ష అవసరము లేదు' అని యున్నమాట నిజమే. కాని క్రింద చిన్న యక్షరములలో, కఠినపరిస్థితులలో నడచు బండికి నిర్ణీత దూరమున నూనె మార్చవలెనని యున్నది. కఠినపరిస్థితు లేవి? దుమ్ము, తీవ్రమైన యెండ, కొండదారులు, ఆగి యాగి కదలుట. ఆ పంక్తులు మా యెర్రగుంట్లను చూచి వ్రాసినట్లే యుండెను! ఆ పుట తెరచి మా వారికి చూపితిని. ఆయన రెండు మారులు చదివి, మరునాడే కడపకు పోదమనిరి.

అక్కడి పెద్ద గ్యారేజిలో కారును పైకెత్తి చూడగా, గొట్టపు టతుకొద్ద నూనె కారిన జాడ కనబడెను. కారుట స్వల్పమే; ఏండ్ల తరబడి జరుగుటచే దాదాపొక లీటరు తరిగినది. నూనె తగ్గగా పంపు గాలిని పీల్చును, ఒత్తిడి తగ్గును, బిళ్లలు పట్టు తప్పి జారును, జారుటచే వేడి పుట్టి, మిగిలిన నూనె మాడును. మా బండి నుండి దించిన నూనె ముదురు గోధుమరంగున నుండి మాడువాసన కొట్టెను. పెట్టె యడుగున అయస్కాంతములు కలవు. వానికి బూడిదరంగు ముద్ద మాత్రమే యంటుకొనుట సహజమనియు, ఇనుపముక్కలు కనబడిన గాని భయపడవలసినది లేదనియు అచటి మేస్త్రీ చూపి చెప్పెను. మా పెట్టెలో ముక్కలు లేవు. అతుకు బాగుచేసి క్రొత్తనూనె పోయించితిమి. కొన్ని వేల రూపాయలతో పోయినది. పెట్టె కాలినచో మా వారి రెండు మూడు నెలల జీతము చాలకపోయెడిది. బిళ్లలు కాలిన పిమ్మట క్రొత్తనూనె పోసినను ఫలముండదని అతడు చెప్పిన మాట మీరును మనసున నుంచుకొనవలెను.

ఇక పరీక్షించు విధము. పుల్ల గల కారైనచో, కొంతదూరము నడపి నూనె వేడెక్కిన పిమ్మట చదునైన నేలపై నిలుపవలెను. బ్రేకు త్రొక్కియుంచి, గేరుకడ్డీని ఒక్కొక్క స్థానమున కొన్ని క్షణములు నిలిపి, తుదకు పార్కు స్థానమునకు తేవలెను. చేతి బ్రేకు వేసి, పెక్కు కార్లలో ఇంజను నడచుచుండగానే చూడవలెను; కొన్నింటిలో ఆపి చూడవలెను; ఏది యన్నది పుస్తకము చెప్పును. చీరకొంగును, జడను పంకాలకు దూరముగా నుంచుకొనుడు. పుల్లను తీసి, నూలుపోగులు రాలని గుడ్డతో తుడిచి, మరల ముంచి తీసినచో 'వేడి' యను రెండు గీతల నడుమ నూనె యుండవలెను. ఒక చుక్కను తెల్లకాగితముపై వేసి చూడుడు. క్రొత్తనూనె తరచుగా ఎర్రగా, నిర్మలముగా నుండును. నల్లబడి మాడువాసన వేసినచో వెంటనే చూపింపవలెను. పాలు కలిసినట్లు గులాబిరంగున నున్నచో నీరు చేరినదని యెరిగి, ఇక నడపరాదు.

పుల్ల లేని కార్లలో నూనె నిర్ణీతమైన వేడికి వచ్చినపుడు క్రింది మరను విప్పి మట్టము చూతురు. అది యింటి పని గాదు. కాని నిఘా మన పనియే. మా వాకిట పరచినవి నల్లని కడప బండలు. వానిపై నూనె మరక కనబడదు. అందుచే రాత్రివేళ కారు క్రింద పాత అట్టముక్క పరచి, ఉదయమున ముగ్గు వేయబోవునపుడు తీసి చూచుచున్నాను. ఎర్రనిచుక్క గేరునూనెది కావచ్చును, నల్లనిది ఇంజనునూనె, రంగులేనిది చల్లనిగాలి యంత్రపు నీరు.

నూనె తక్కువైనదని చేతికందినది పోయరాదు. సి.వి.టి.కి వేరు, రెండు క్లచ్చిల పెట్టెకు వేరు, ఆటోమేటిక్కునకు వేరు. ఎక్కువ పోసినను నురుగు గట్టి అపకారము చేయును. డబ్బాపై నున్న పేరును పుస్తకములోని పేరుతో మీ కన్నులతోనే సరిపోల్చుకొనుడు.

మనము పాలవాని లెక్క, చాకలిపద్దు వ్రాసికొను పుస్తకములోనే కారునకు ఒక పుట కేటాయింపుడు. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్లకు, ఏ నూనె మార్చితిమో వ్రాయుడు. మేస్త్రీ 'అవసరము లేదమ్మా' అన్నచో ఆ పుటను, కారు పుస్తకములోని చిన్న యక్షరములను ఎదుట నుంచి, నెమ్మదిగా మరల నడుగుడు.