స్లో నిలవని బండి

మా సుల్తానాబాద్ షెడ్లలో ఐడ్లింగ్ అనే మాట ఎక్కువగా వినపడదు. స్లో అంటారు. యాక్సిలేటర్ మీద నుంచి కాలు తీసేసి, గేరు న్యూట్రల్‌లో వేసినప్పుడు ఇంజిన్ తనంతట తాను తిరిగే తీరు అది. "స్లో పడతలేదు", "స్లో నిలుస్తలేదు", "స్లోల ఆగిపోతాంది" అని మూడు రకాలుగా చెప్తారు. మూడూ మూడు వేరు వేరు జబ్బులు. ఆ తేడా చెప్పగలిగితే సగం రిపేరు అయినట్టే.

ఉరికే బండిని చూసి ఇంజిన్ ఆరోగ్యం చెప్పలేం. వేగంలో చిన్న లోపాలన్నీ కొట్టుకుపోతాయి. స్లోలో అట్లా కాదు. గాలి పోయే దారిలో ఉండే రేకు దాదాపు పూర్తిగా మూసుకుని ఉంటుంది. వెంట్రుకంత సందులోంచి పోయే కాస్త గాలి, దానికి తగ్గ కాస్త పెట్రోలు, వాటితోనే ఇంజిన్ తన బరువు తాను మోసుకోవాలి. అప్పుడు ఇంకెక్కడి నుంచైనా రవ్వంత గాలి ఎక్కువ పోయినా లెక్క తప్పుతుంది. అదే గాలి అరవై స్పీడులో పోతే ఎవరికీ తెలియదు.

మా ఇంట్లో ఉన్నది 1997 నాటి మారుతి 800. నంబరు ఏపీ 15, అంటే ఉమ్మడి కరీంనగర్ జిల్లాది. 2016 అక్టోబరులో మా ఊరు పెద్దపల్లి జిల్లాలోకి పోయింది, నంబరు ప్లేటు మాత్రం పాత జిల్లాలోనే ఉండిపోయింది. బాపు కొన్న బండి. 796 సీసీ, మూడు సిలిండర్లు, కార్బొరేటర్. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి తాళాలు ఢిల్లీలో ఒక ఇంటి చేతికి వచ్చాయి, 2014 జనవరిలో 800 తయారీ ఆగింది. ఆ ముప్పై ఏళ్లలో ఈ దేశంలో ఎన్ని కుటుంబాలు మొదటిసారి కారెక్కాయో, వాటిలో మాదీ ఒకటి. బాపు పోయాక ఆ బండిని అమ్మబుద్ధి కాలేదు.

పోయిన యాసంగి కోతలప్పుడు దాని స్లో చెడింది. యాసంగి కోతలంటే మా ఊళ్లో ఎట్లుంటదో ఇక్కడి వాళ్లకు చెప్పనక్కర్లేదు. సుల్తానాబాద్ అంటేనే రైస్ మిల్లులు. రాజీవ్ రహదారి పక్కన వడ్ల ట్రాక్టర్లు, లారీలు వరసగా నిలబడి ఉంటాయి. వాటి వెనక ఆగితే ఇక కాలితో పని లేదు, బండి స్లో మీద నిలబడాల్సిందే. మాది నిలబడేది కాదు. స్టీరింగ్ వణికేది. వెనక చూసే అద్దంలో లారీ ముఖం రెండుగా కనిపించేది. ఒక నిమిషం బాగానే తిరిగి, ఉన్నట్టుండి గొంతు ఎత్తి, మళ్లీ దించి, మూడోసారి దించినప్పుడు ఆగిపోయేది. వెనక ట్రాక్టరాయన హారన్ కొడుతుంటే చెమటలు పట్టేవి.

మొదట ఒక షెడ్డుకు తీసుకుపోయాను. పది నిమిషాల్లో పని అయిపోయింది. కార్బొరేటర్ పక్కన ఉండే స్లో స్క్రూ రెండు చుట్లు బిగించాడు. ఇంజిన్ గుయ్యిమంటూ తిరిగింది, వణుకు పోయింది. మూడు ప్లగ్గులు మార్చి డబ్బులు తీసుకున్నాడు. వారం రోజుల్లో పెట్రోలు ఖర్చు తెలిసింది. రివర్స్ గేరు వేస్తే కిర్రుమనేది. తాళం తీసేసినా ఇంజిన్ నాలుగైదుసార్లు కొట్టుకుని గాని ఆగేది కాదు. రెండోసారి పోతే కార్బొరేటరే మార్చాలన్నాడు. మూడోసారి బోరుకు వచ్చిందన్నాడు, అంటే సిలిండర్లు అరిగిపోయాయని. జ్వరం ఉన్న మనిషికి రగ్గు కప్పి వణుకు తగ్గిందనడం వైద్యం కాదు. స్లో పెంచడం రిపేరు కాదు. ఈ మాట నేను ఎవరితోనైనా గట్టిగా చెప్తాను.

తర్వాత నీరుకుళ్ల దారిలో ఉండే ఒక కాకా దగ్గరికి పోయాను. డెబ్బై దగ్గర పడ్డాయి ఆయనకు. వయసులో ఉన్నప్పుడు మిల్లులో ఆయిల్ ఇంజిన్ దగ్గర పనిచేశాడు, ఆ తర్వాత అంబాసిడర్లు, తర్వాత మారుతీలు. బానెట్ ఎత్తలేదు. "బండి నడిపిచ్చుకుంటనే వచ్చినవా బిడ్డా? బందు జెయ్యకు. గట్లనే ఉండనియ్యి" అన్నాడు. పావుగంట సేపు వేరే పని చేసుకుంటూ దూరం నుంచే వింటూ ఉన్నాడు.

ఆ వినడం మిల్లులో నేర్చినది. పాత ఆయిల్ ఇంజిన్ల మీద గవర్నరు ఉంటుంది. తిరుగుడు ఎక్కువైతే దాని గుండ్లు విప్పారి డీజిల్‌ను తగ్గిస్తాయి, తక్కువైతే దగ్గరికొచ్చి పెంచుతాయి. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి పెట్టిన ఏర్పాటే అది. మన బావుల మీద ఇంజిన్లు డుగ్‌డుగ్‌మని రాత్రంతా ఒకే లయలో కొట్టుకున్నాయంటే దాని పుణ్యమే. కానీ గవర్నరు వదులైనా, మరీ చురుకైనా ఇంజిన్ ఊగుతుంది. సరిదిద్దబోయి ఎక్కువ సరిదిద్దుతుంది, మళ్లీ అటు నుంచి ఇటు. ఈ ఊగుడు ఎప్పుడు తనంతట తాను అణిగిపోతుందో, ఎప్పుడు పెరిగి పెద్దదవుతుందో లెక్క కడుతూ 1868లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ లండన్ రాయల్ సొసైటీకి ఒక పత్రమే రాశాడు. విద్యుదయస్కాంత సిద్ధాంతం చెప్పిన మాక్స్‌వెలే ఆయన. ఇంజిన్ ఊగుడు అంత మనిషి కూర్చుని ఆలోచించవలసిన విషయమైంది. మా కాకాకు ఆ పేరు తెలియదు. ఊగే ఇంజిన్‌ను, తప్పే ఇంజిన్‌ను మాత్రం చెవితోనే విడదీస్తాడు.

"ఇది మిస్ కొడ్తలేదు. ఊగుతాంది" అన్నాడు వచ్చి.

ఒక సిలిండర్ పని మానేస్తే దెబ్బ ఒక లెక్క ప్రకారం తప్పుతుంది, ఒక కాలు పొట్టిదైన మనిషి నడకలా. మా బండిది అట్లా లేదు. అయినా ఆయన తన చెవిని ఒక్కదాన్నే నమ్మలేదు. ముందు స్లో స్క్రూ మళ్లీ పాత చోటికి తెచ్చాడు, వణుకు తిరిగి వచ్చింది. స్టీలు గ్లాసులో నీళ్లు పోసి మడ్‌గార్డ్ మీద పెట్టాడు. నీళ్ల మీద అలలు ఒకసారి సన్నగా, ఒకసారి గ్లాసు అంచు దాకా. రబ్బరు తొడుగున్న పట్కారుతో ప్లగ్ వైరు ఒక్కొక్కటే పీకి పెట్టాడు. ఏది పీకినా ఇంజిన్ ఒకే తీరుగా కుంగింది. అంటే మూడూ పనిచేస్తున్నాయి. పీకినా చప్పుడు మారకపోతే ఆ సిలిండర్ చచ్చినట్టు.

తర్వాత బండి బందు చేసి ప్లగ్గులు విప్పాడు. ఈ ఊళ్లో అందరికీ మొదటి అనుమానం గాలి ఫిల్టర్ మీదకే పోతుంది. కోతల కాలంలో వడ్ల దుబ్బ, ఊక నుసి గాలిలోనే తేలుతుంటాయి, వేరే ఊళ్లో ఏడాది వచ్చే ఫిల్టర్ ఇక్కడ సీజన్ కాకముందే మూసుకుపోతుంది. కానీ ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గి, పెట్రోలు ఎక్కువై, ప్లగ్ కొస మసిపట్టి నల్లగా వస్తుంది. మంచి ప్లగ్ లేత ఇటుక రంగులో ఉంటుంది. మా ప్లగ్గులు మూడూ తెల్లగా ఉన్నాయి, సున్నం రాసినట్టు. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ.

అప్పుడు ఆయన చేసిన పని నేను మరిచిపోలేను. బండి మళ్లీ స్టార్ట్ చేయించి, ఫిల్టర్ డబ్బా తీసేసి, కార్బొరేటర్ నోటి మీద అరచెయ్యి అడ్డంగా, సగం మూసేటట్టు పెట్టాడు. ఊగుతున్న ఇంజిన్ కుదుటపడింది. గ్లాసులో నీళ్లు నిలకడకొచ్చాయి. చెయ్యి తీస్తే మళ్లీ మొదలు. "సూసినవా, గాలి దొంగతోవల పోతాంది. ఇగ ఆ తోవ దొరకవట్టాలె."

కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. కార్బొరేటర్ కొలిచి ఇచ్చేది ఆ లెక్కలోనే. కొలతకు అందకుండా కార్బొరేటర్ కింద నుంచి గాలి దూరితే, స్లోలో లోపలికి పోయేదే తక్కువ కాబట్టి, ఆ దొంగగాలే పెద్ద వాటా అవుతుంది.

కొందరు ఇట్లాంటప్పుడు జాయింట్ల మీద పెట్రోలు చిలకరించి ఇంజిన్ గొంతు ఎక్కడ మారుతుందో చూస్తారు. వేడి ఇంజిన్ మీద అది ప్రాణాల మీదకి తెచ్చే పని. కాకా ఆ పని చేయడు. ఒక్కో రబ్బరు పైపును వేళ్లతో నొక్కి పట్టుకుంటూ పోయాడు. వాల్వు మూత మీది నుంచి మానిఫోల్డ్‌లోకి పోయే వంకర పైపు దగ్గర వేళ్లు బిగించగానే ఇంజిన్ నిమ్మళించింది. పైపు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. పై నుంచి చూస్తే ఏమీ లేదు, నూనె జిడ్డు తప్ప. తిప్పి, వంపు దగ్గర వంచితే, కింది వైపు గోరంత చీలిక నోరు తెరిచింది. చల్లగా ఉన్నప్పుడు మూసుకుంటుంది, ఇంజిన్ వేడెక్కితే తెరుచుకుంటుంది. అందుకే పొద్దున ఇంటి ముందు బాగుండి, లారీల వెనక ఆగినప్పుడు ఏడ్చేది. రబ్బరు ఎండి కొబ్బరి చిప్పలా గట్టిపడింది. పైపు ఖర్చు ఎనభై రూపాయలు.

కొత్తది తొడిగాక, గాలీ పెట్రోలూ పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూ కొద్దికొద్దిగా తిప్పుతూ ఇంజిన్ గొంతు అన్నిటికంటే నిండుగా పలికిన చోట ఆపాడు, తర్వాత స్లో స్క్రూ తగ్గించాడు. నిమిషానికి 900 చుట్ల దగ్గర నిలిచింది. ఈ మూడు సిలిండర్ల బండిలో ఆ స్లోకు సెకనుకు ఇరవై రెండుకు పైగా నిప్పురవ్వలు పడతాయి. వాటిలో ఒక్కటి తడబడినా ఆ ముసలాయన చెవికి అందుతుంది. నాకు అది గౌరవించవలసిన విద్యగా కనిపించింది.

కొత్త బండ్లలో స్క్రూలు లేవు, కంప్యూటరే స్లో చూసుకుంటుంది. జబ్బులు మాత్రం అవే. పైపు చీలితే స్కానర్ మీద పీ 0171 అని పడుతుంది, గాలి ఎక్కువైందని దాని అర్థం. ఎక్కడి నుంచో చెప్పదు. కోడు చూసి ఆక్సిజన్ సెన్సర్ మార్పించుకుని, జబ్బు అట్లాగే ఉండి, మళ్లీ షెడ్డుకు వచ్చిన వాళ్లను కాకా దగ్గరే చూశాను. గాలి రేకు ఉండే థ్రాటిల్ బాడీలో మసి పేరుకుని స్లో చెడేవీ చాలా ఉన్నాయి. ఒకసారి శుభ్రం చేసి, కంప్యూటర్‌కు స్లో మళ్లీ నేర్పిస్తే సరిపోతుంది.

పాత బండ్ల వాళ్లకు ఇంకొక సంగతి. 2023 ఫిబ్రవరి నుంచి ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు రావడం మొదలైంది. ఇథనాల్‌కు నూకలు కూడా ఒక ముడిసరుకు, కాబట్టి మిల్లుల ఊరి వాళ్లుగా మనం దాన్ని పరాయిది అనుకోలేం. అయితే ఇథనాల్ కాలడానికి గాలి తక్కువ చాలు, కిలోకు తొమ్మిది కిలోల దాకా. పాత పెట్రోలుకు పెట్టిన కార్బొరేటర్‌లో ఈ కొత్త పెట్రోలు పోస్తే గాలి పాలు ఎక్కువైనట్టే. మిక్చర్ కొంచెం చూపించుకోవాలి, పెట్రోలు పోయే రబ్బరు పైపులు మార్పించుకోవాలి. మా పైపు చీలింది మాత్రం దానివల్ల కాదు, ఎండకూ ఇంజిన్ వేడికీ వయసుకూ చీలింది. అది కాకాయే చెప్పాడు.

మీ బండి స్లో నిలవకపోతే స్క్రూ తిప్పించుకుని ఇంటికి రాకండి. ఇంజిన్ వేడెక్కాక రబ్బరు పైపులన్నీ నొక్కి, బందు చేశాక కింది వైపు వంచి చూడమని అడగండి. ఏ సామానైనా మార్చేది ఆ తర్వాతే. ఇంకొక్క మాట. స్లో చూసే పని గంటల తరబడి ఇంజిన్ నడిపి చేసేది, ఆ పొగలో రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. షెడ్డు షట్టర్ పూర్తిగా ఎత్తి ఉంచమనండి. వానాకాలమైనా సరే.