మూడు నగరులు... ఒక్క పందెం!

దసరా అనగానే అందరికీ జమ్మిచెట్టు గుర్తొస్తుంది. మద్దికెర వాళ్లకు మాత్రం గుర్రపు డెక్కల చప్పుడు!

గుంతకల్లు నుంచి డోన్ వెళ్లే రైలుదారిలో, కర్నూలు జిల్లా దక్షిణపు అంచున ఉందీ ఊరు. ఇక్కడి యాదవ రాజుల వంశానిది మూడు శాఖలు... పెద్దనగరి, చిన్ననగరి, యామనగరి. నగరు అంటే పాత తెలుగులో రాజుగారిల్లు. విజయదశమినాడు మూడు నగరుల వారసులూ తలపాగాలు చుట్టి, మూడు కిలోమీటర్ల దూరంలోని బొజ్జనాయునిపేటకు గుర్రాల మీద వెళ్తారు. భోగేశ్వరస్వామికి పూజ చేసి వెనుదిరుగుతారు. అసలు కథ అప్పుడే మొదలు. మద్దికెరకు ముందెవరు చేరితే ఆ ఏడాది గౌరవం వాళ్లది. దీన్నే అశ్వాల పారువేట అంటారు.

పారువేట అంటే రాజుల వేట. ఇక్కడ మాత్రం వేటాడేందుకు జంతువేదీ ఉండదు, పోటీ అంతా రౌతుల మధ్యే! దసరాకూ గుర్రానికీ చుట్టరికం ఈ సీమలో పాతదే. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, మహర్నవమికి అలంకరించిన గుర్రాలనూ, రాయలు సేనను పరిశీలించడాన్నీ రాసిపెట్టాడు. అది ఒట్టి వేడుక కాదు. ఏ నాయకుడి దగ్గర ఎంత బలముందో, ఎవరెంత విధేయుడో రాజుకు తెలిసే రోజు. సైన్యం పంపడం, కప్పం కట్టడం... రాచరికమంతా ఆ లెక్క మీదే నిలిచింది.

ఆ లెక్కను చెరిపినవాడు థామస్ మన్రో. 1800లో దత్తమండలాలకు వచ్చి, దాదాపు 80 మంది పాలెగాళ్ల అధికారం తీసేసి, రైతు నుంచే నేరుగా శిస్తు వసూలు చేశాడు. చిత్రమేమిటంటే ఆయన 1827లో కలరాతో కన్నుమూసింది ఈ పక్కనున్న పత్తికొండలోనే. 1971లో సంస్థానాధీశుల భరణాలూ పోయాయి.

మరి ఈ మూడు నగరులకు మిగిలిందేమిటి? శిస్తు లేదు, సేన లేదు. ఉన్నదల్లా గుర్రమెక్కే హక్కు. అదీ పుట్టుకతో వచ్చిందే, ఊళ్లో ఎంత మంచి రౌతున్నా ఈ పందెంలో చోటు లేదు. ఈ కాలంలో అది నాకు కాస్త గుచ్చుకుంది. కానీ అన్నదమ్ముల శాఖల మధ్య పెద్దరికం కోసం కత్తులు దూసిన వంశాలు చరిత్రలో ఎన్ని లేవు! ఇక్కడ ఆ తగవు మూడు కిలోమీటర్లలో తేలిపోతుంది. ఓడినవాళ్లు మళ్లీ దసరాదాకా గుర్రాన్ని మేపుకుంటారు.

చూడబోయేవాళ్లకు ఒక్కమాట. పిల్లల చెయ్యి వదలొద్దు, దారికి ఎడంగా నిలబడండి. ఊపుమీదున్న గుర్రం ఉన్నపళంగా ఆగదు.