అయిదు డాలర్ల లాభం

బ్లాకులో టిక్కెట్టు కొన్న ప్రతివాడికీ ధరల శాస్త్రం కొంత తెలుసు. మా తెనాలిలో పెద్ద హీరో సినిమా విడుదలైన రోజున హాలు ముందు ముగ్గురు నలుగురు తిరుగుతూ ఉండేవాళ్లు. ఒకడు యాభై రూపాయల టిక్కెట్టు నూటయాభై అనేవాడు. రెండోవాడు నూటముప్పై. మూడోవాడు ఏమీ అనకుండా మన మొహం చూసేవాడు. అనుభవం ఉన్నవాడు తొందరపడడు. లోపల బెల్లు మోగేసరికి నూటయాభై కాస్తా నూరవుతుంది. తెర మీద పేర్లు పడేసరికి అసలు ధరకే చేతిలో పెట్టి పోతారు. ఈ విద్యలో నాది ఫస్టు క్లాసు! హీరోగారు తెర మీదికొచ్చే సీను పోతే పోయింది, డబ్బులు మిగిలాయి కదా అని చీకట్లో సీటు తడుముకునేవాణ్ణి.

ఆ విద్యే నన్ను మెల్‌బోర్న్‌లో ఒక రోజంతా ట్రాముల్లో తిప్పింది.

2014లో చదువు కోసం ఆస్ట్రేలియా వెళ్లాను. నలుగురం తెలుగువాళ్లం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. ఇంటి ఓనరమ్మ డెబ్భై దాటిన ఆవిడ. మాలో ఒకడి పార్ట్‌టైము ఉద్యోగం ఊడిపోతే రెండు నెలలు అద్దె మాట ఎత్తలేదు. 2016 క్రిస్మసుకి మా నలుగురినీ భోజనానికి రమ్మంది. చేతులూపుకుంటూ ఎలా పోతాం? ఆవిడకి కూనావారా ఎర్ర వైను ఇష్టమని మా నెల్లూరాయన ఆరా తీసుకొచ్చాడు. తలా ఏడున్నర వేసుకుంటే ముప్పై డాలర్లయింది. కొనుక్కొచ్చే బాధ్యత నామీద పడింది.

ఇక్కడో మాట. మా నలుగురిలో నెల్లూరాయనకి బీరు తెలుసు. మిగతా ముగ్గురికీ దేవదాసు తెలుసు. అదీ 1953లో అక్కినేనివారు పట్టుకున్న సీసా వరకే! మన ఊళ్లలో 'వైన్స్' అని పెద్ద బోర్డు ఉంటుంది, లోపల వైను తప్ప అన్నీ ఉంటాయి. పైగా మన దగ్గర బేరానికి తావే లేదు. సీసా మీద అచ్చు వేసిన ధరే ధర, అది సర్కారు నిర్ణయించింది. 1995లో ఎన్టీ రామారావుగారు సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు, 1997లో ఎత్తేశారు. ఆంధ్రలో 2019 నుంచి 2024 దాకా దుకాణాలు ప్రభుత్వమే నడిపింది, ఆ తరువాత మళ్లీ ప్రైవేటువాళ్లకి వెళ్లాయి. దుకాణం ఎవరిదైనా, ఈ వీధిలో ఒక ధర ఆ వీధిలో ఒక ధర అనే ముచ్చట మాత్రం మనకి లేదు.

అక్కడ అలా కాదండోయ్! ఒకే సీసాకి నాలుగు దుకాణాల్లో నాలుగు ధరలు. 1952లో డాన్ మర్ఫీ అనే ఆయన మెల్‌బోర్న్‌లోని ప్రహ్రాన్ పేటలో ఒక దుకాణం తెరిచి, చవక ధరలతో పేరు తెచ్చుకున్నాడు. 1998లో దాన్ని వూల్‌వర్త్స్ వాళ్లు కొన్నాక ఆ పేరు దేశమంతా పాకింది. 'ఇంతకంటే తక్కువ ఎక్కడైనా ఉంటే చూపించండి, మేమూ తగ్గిస్తాం' అనే వాగ్దానం అక్కడివాళ్లకి సినిమా పోస్టరంత మామూలు. నేను తిరిగినవి వేరే దుకాణాలు, వాటి పేర్లు మనకనవసరం.

డిసెంబరు 22, గురువారం. అక్కడ డిసెంబరంటే నడివేసవి. ముందుగా మా వీధి చివర ఉన్న చిన్న దుకాణానికి వెళ్లాను. నడిపేది ఒక ముసలాయన. "నాకేమీ తెలియదు" అని నిజం చెప్పేశాను. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి అరగంట పాఠం చెప్పాడు. కూనావారా అంటే దక్షిణ ఆస్ట్రేలియాలో విక్టోరియా సరిహద్దు దగ్గర ఊరని, సున్నపురాతి మీద పరుచుకున్న ఎర్రమట్టి నేలని, అక్కడ కాబర్నే సావిన్యాన్ అనే ద్రాక్ష బాగా పండుతుందని చెప్పాడు. చివరికి అటక మీంచి ఒక సీసా దించి, "పెద్దావిడకి ఇదివ్వు. 2012 పంట. పక్క సంవత్సరంది తీసుకోకు" అన్నాడు. ధర 28 డాలర్లు.

నేనేం చేశానో తెలుసా? సీసా ఫొటో తీసుకున్నాను. "మళ్లీ వస్తాను" అన్నాను. బయటపడ్డాను.

ఇక మొదలైంది యాత్ర! ట్రామెక్కి పెద్ద దుకాణానికి వెళ్లాను. అదే సీసా 27. గోడ మీద నా ఎత్తు బోర్డు - ఎక్కడ తక్కువున్నా అదే ధరకి ఇస్తామని. ఫోనులో వెతికితే ఇంకోచోట 23 అని కనిపించింది. చూపించాను. కౌంటరు కుర్రాడు నవ్వి, "అది ఆరు సీసాలు కొంటే ఒక్కోదానికి పడే ధర. ఒక్కటే కొంటే చెల్లదు" అన్నాడు. నమ్మక ఆ దుకాణానికే వెళ్లి చూశాను. నిజమే. ఫోను ధర చెబుతుంది గానీ, దాని వెనకున్న షరతు చెప్పదు.

మరో ట్రాము, మరో దుకాణం. అక్కడ 24. ఎగిరి గంతేశాను. లేబులు తిప్పి చూస్తే 2013. ముసలాయన వద్దన్న సంవత్సరం! పెద్ద దుకాణం వాడికి చెబితే వాడూ అదే మాట - పంట సంవత్సరం వేరైతే అది వేరే సరుకట. ఇంకా ఉన్నాయి. సభ్యత్వం కార్డు ధరలు చెల్లవు, పాత సరుకు వదిలించుకునే ధరలు చెల్లవు, అవతలి దుకాణంలో ఆ పూట సరుకు ఉంటేనే చెల్లుతుంది. కొన్ని రకాలైతే ఆ దుకాణం వాళ్లే సొంత పేరుతో తయారు చేయించుకుంటారు. అవి ఇంకెక్కడా ఉండవు కాబట్టి పోల్చడానికే లేదు. హీరో డేట్లు, విలన్ డేట్లు, వాన - అన్నీ కుదిరితేనే షూటింగన్నట్టు!

మూడోసారి తిరిగొస్తుంటే ట్రాము సీటు మీద ఎవరో వదిలేసిన కరపత్రం కనిపించింది. ఊరికి ఆ చివర ఉన్న దుకాణం వాళ్లది. అదే సీసా, 2012, ఒక్కటి కొన్నా 23! పెద్ద దుకాణం కుర్రాడు అక్కడికి ఫోను చేసి, సరుకుందని తెలుసుకుని, మారుమాట లేకుండా 23కి కొట్టి ఇచ్చాడు. నాకు విజిల్ వెయ్యాలనిపించింది. శుభం కార్డు పడిపోయిందనుకున్నాను.

రాత్రి ఇంటికి ఫోను చేశాను. మా నాన్నకి తెనాలిలో చిన్న బట్టల కొట్టుంది. వైను అని చెప్పడానికి జంకాను గానీ, గెలిచిన గొప్ప ఆగనివ్వలేదు. అంతా విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న:

"ఎంత మిగిలిందిరా?"

"అయిదు డాలర్లు, నాన్నా."

"ట్రాములకెంతయింది?"

అప్పుడు లెక్క చూసుకున్నాను. రెండు గంటల టిక్కెట్టు 3.90. రోజంతా తిరిగాను కాబట్టి 7.80 కోసేసింది. అయిదు మిగుల్చుకోవడానికి ఏడు డాలర్ల ఎనభై సెంట్లు! అవతల మా అమ్మ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. నాన్న నవ్వలేదు.

"మరి ఆ ముసలాయన చీరలు ఎవరు మడత పెట్టార్రా?" అన్నాడు.

నాకు మాట రాలేదు.

చిన్నప్పుడు సెలవుల్లో కొట్లో కూర్చునేవాణ్ణి. ఆడవాళ్లొచ్చి పరుపు మీద కూర్చుని, ఆ అంచు చూపించు, ఈ రంగు చూపించు అని ముప్పై చీరలు విప్పించేవాళ్లు. ఏది ఉతికితే నిలుస్తుందో, ఏది పెళ్లికూతురికి నప్పుతుందో నాన్న ఓపిగ్గా చెప్పేవాడు. చివరికి "మళ్లీ వస్తామండీ" అని లేచేవాళ్లు. ఆ చీరే విజయవాడలో యాభై తక్కువకి కొన్నామని తరువాత ఎవరో ఒకరు చెప్పేవాళ్లు. నాన్న ఏమీ అనేవాడు కాదు. చీరలన్నీ ఒక్కొక్కటే మడతపెట్టుకుంటూ కూర్చునేవాడు. అవతలి కొస నేను పట్టుకునేవాణ్ణి. వాళ్లమీద నాకు ఎంత కోపం వచ్చేదో!

"మళ్లీ వస్తాను." అదే మాట నేనూ అన్నాను.

క్రిస్మసు భోజనం బాగా జరిగింది. ఓనరమ్మ లేబులు చూసి కళ్లు పెద్దవి చేసింది. జనవరిలో ఒకరోజు ధైర్యం చేసి ముసలాయన దగ్గరికి వెళ్లాను. నన్ను చూడగానే ఆయన అడిగింది ఒకటే - "పెద్దావిడకి నచ్చిందా?" గుర్తు పెట్టుకున్నాడు! ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన తల గోక్కుని, "అడగాల్సిందయ్యా. ఇరవై మూడుకి నాకు గిట్టదు గానీ, ఇరవై అయిదుకి ఇచ్చేవాణ్ణి" అన్నాడు. ఆ రోజు ఒక సీసా కొన్నాను. ధర అడగలేదు.

అప్పటినుంచి ఆ బోర్డుల గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. 'ఎక్కడ తక్కువున్నా అదే ధరకిస్తాం' అనే వాగ్దానం అడిగినవాడికే పనికొస్తుంది. అడగనివాడు, తీరిక లేనివాడు, భాష రానివాడు బోర్డు కిందే నిలబడి ఎక్కువ ధర ఇచ్చి పోతాడు. ఇంకో తిరకాసు కూడా ఉందని ఆర్థికశాస్త్రం చదివినవాళ్లు చెబుతారు. ఎదురుబొదురు రెండు ఇడ్లీబళ్లు ఉన్నాయనుకోండి. "వాడెంత తగ్గిస్తే నేనూ అంత తగ్గిస్తా" అని ఒకడు బోర్డు పెడితే, రెండోవాడికి తగ్గించి లాభమేముంది? బేరం రాదు, ఉన్న లాభం పోతుంది. ఇద్దరూ హాయిగా పాత ధరకే అమ్ముకుంటారు! మనకోసం అనుకున్న బోర్డు ఒక్కోసారి వాళ్లకోసం అవుతుంది.

అయితే బేరం మానెయ్యమంటానా? ఛ! కష్టపడ్డ డబ్బు, నాలుగుచోట్ల చూసుకుని కొనడంలో తప్పేముంది? పెట్టెలు పేర్చి అమ్మేవాడి దగ్గర గీచి గీచి బేరమాడండి. వాడి బోర్డు వాడిచేతే చదివించండి. ట్రాము చార్జీ మాత్రం ముందే లెక్క వేసుకోండి. కానీ కుర్చీ వేసి అరగంట చెప్పినవాడి దగ్గర మాత్రం, పోయేముందు ఒక్క మాట అడగండి - "ఎంతకిస్తారు?" అని. ఆ మాటకి ఖర్చు లేదు.

ముసలాయన దుకాణం 2019లో మూతపడింది. నా అయిదు డాలర్ల వల్ల అని నేననను. అలాంటి అయిదులు ఎన్ని కలిశాయో నాకు తెలియదు.

నాన్న కొట్టు ఇంకా ఉంది. పోయినసారి ఊరెళ్లినప్పుడు ఒకావిడ పాతిక చీరలు విప్పించి "మళ్లీ వస్తామండీ" అని లేచింది. నేను మాట్లాడకుండా వెళ్లి అవతలి కొస పట్టుకున్నాను.