ఏడో అంతస్తు పిల్లికి పురుగులా?

మాదాపూర్‌లో మా ఫ్లాటు ఏడో అంతస్తు. గడప దాటని మా పిల్లి తోక కింద బియ్యపు గింజల్లాంటివి కనిపించేసరికి అత్తయ్యగారు "పసిపిల్ల తిరిగే ఇల్లు, దీన్ని పంపించెయ్యమ్మా" అన్నారు. మా పాపేమో దాన్ని వదలదు!

పశువుల డాక్టరుగారు అవి బద్దెపురుగు ముక్కలన్నారు. పిల్లి ఒంటిమీద గెంతే ఫ్లీ అనే చిన్న పురుగు వీటిని మోస్తుంది. సెల్లార్‌లో తిరిగే పిల్లుల నుంచి మన బట్టలకి అంటుకుని కూడా అది పైకి వస్తుందట. పిల్లి ఒళ్ళు నాక్కుంటూ దాన్ని మింగుతుంది. అందుకే తూకం చూసి ప్రాజిక్వాంటెల్ మాత్ర వేసి, ఫ్లీలకీ మందు రాశారు. ఒకటి చేసి రెండోది మానితే పురుగులు మళ్ళీ వస్తాయి.

ఏలికపాములు వేరు. తల్లిపాల నుంచే కూనలకి వస్తాయి, వాటి గుడ్లు మనుషులకీ అంటుతాయి. అయితే గుడ్డు ముదరడానికి వారాలు పడుతుంది. మలం రోజూ తీసేసి, చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలావరకు భయం లేదు. ఇది విన్నాకే అత్తయ్యగారు మెత్తబడ్డారు.

ఒక్క మాట. 2015 నుంచి జాతీయ నులిపురుగుల నివారణ దినాన బళ్ళలో పిల్లలకిచ్చే ఆల్బెండజోల్ మాత్ర పిల్లికి వెయ్యకండి. పెర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు అసలే వద్దు, పిల్లికది విషం. ఎన్నాళ్ళకోసారి మందు వెయ్యాలో డాక్టర్ని అడిగి, క్యాలెండర్‌లో గ్యాస్ బుక్ చేసిన తేదీ పక్కనే రాసుకోండి!