రెండో బాటరీ

విమానం చప్పుడు వినిపిస్తే చాలా ఊళ్లలో పిల్లలు ఇప్పటికీ తలెత్తి చూస్తారు. మా దూలపల్లిలో ఎవరూ చూడరు. ఒక పక్క హకీంపేట, మరొక పక్క దుండిగల్. రెండుచోట్లా వైమానిక దళంవారే. దుండిగల్ అకాడమీ 1971లో పని ప్రారంభించిన నాటినుంచీ ఆ రొద ఈ ప్రాంతంవారికి కోడికూతతో సమానమైపోయింది. ఇటువంటి ఊళ్లో పెరిగిన మా అబ్బాయికి విమానాల పిచ్చి పట్టడంలో వింత లేదు. పట్టకపోతేనే వింత.

వాడు ఇంజనీరింగు మూడో ఏడు. కిందటి వేసవి సెలవుల్లో వాడు తలపెట్టినది చేతిలో పట్టుకు తిరిగే బొమ్మ కాదు. రెక్క ఈ కొసనుంచి ఆ కొసకు ఏడడుగుల పైమాట. బరువు ఎనిమిది కిలోలు. ముక్కున 50 సి.సి. పెట్రోలు ఇంజను. దానికి చోటివ్వడం కోసం పడకగదిలో మంచాన్ని గోడకు నిలబెట్టవలసి వచ్చింది. మా ఆవిడ అంతా చూసి ఒకే ప్రశ్న వేసింది.

"ఇది ఎవరి నెత్తిమీదైనా పడితేనో?"

నేను చదివిన ఎం.ఏ. తెలుగులో ఇందుకు జవాబు లేదు. అంచేత బావగారికి కబురుపెట్టాను. బావగారంటే మా ఆవిడ అన్నగారు. వైమానిక దళంలో రేడియో మెకానిక్కుగా ఇరవై ఏళ్లు చేసి వచ్చిన మనిషి. మాట తక్కువ, పని ఎక్కువ.

ఆయన అబ్బాయి రాసుకున్న చీటీ చూశారు. ఇంజనుకూ, రంగులకూ, లోపల కూర్చోబెట్టే పైలటు బొమ్మకూ ధారాళంగా కేటాయించాడు. కంటికి కనిపించని బాటరీలూ, స్విచ్చీలూ, తీగలూ, వీటన్నిటికీ కలిపి చివరన మిగిలినంత.

"పెళ్లికి రంగుకాగితాలు కొని పందిరి రాటలు మరిచిపోయినట్టుందిరా," అన్నారు బావగారు.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. 1898లో టెస్లా అనే మహానుభావుడు న్యూయార్కులో ఒక చిన్న పడవను తీగ లేకుండా దూరంనుంచి నడిపి జనాన్ని ఆశ్చర్యపరిచాడు. ఇదీ ఆ వంశంలోదే. చేతిలోని పెట్టె చెప్పినమాట విమానంలోని రిసీవరు వింటుంది. విని, సర్వోలనే బుల్లి మోటార్లకు చేరవేస్తుంది. మా విమానంలో అవి ఆరు: రెక్కలకు రెండు, తోక అడ్డపలకలకు రెండు, చుక్కానికి ఒకటి, ఇంజను వేగానికి ఒకటి. గాలి వత్తిడికి ఎదురునిలిచి పలకను తిప్పడానికి ఇవి బాగా బలమైనవి కావాలి. బలమైనకొద్దీ కరెంటు తాగుతాయి. అన్నీ ఒక్కసారి గుటకవేస్తే బాటరీ వోల్టేజి జారిపోతుంది. క్షణంపాటు రిసీవరుకు స్పృహ తప్పుతుంది. ఆ క్షణంలో ఎనిమిది కిలోలూ ఎవరి మాటా వినని ఎనిమిది కిలోలు!

"అయితే పెద్ద బాటరీ ఒకటి పెడితే సరి. రెండంటే బరువు కాదూ, మామయ్యా?" అన్నాడు అబ్బాయి.

"బాటరీ పెద్దదైతే తీగ తెగదా?"

వాడు మాట్లాడలేదు.

పిల్లల వ్యాసాల్లో పునరుక్తి కనబడితే ఎర్రసిరాతో కొట్టెయ్యడం నాకు ఇన్నేళ్ల అలవాటు. మా బావగారు మాత్రం చెప్పిందే చెప్పే కవి: రెండు బాటరీలు, రెండు స్విచ్చీలు, రిసీవరుకు రెండు వేరువేరు దారులు. పైలటు బొమ్మ చీటీలోంచి దిగిపోయింది. ఆ స్విచ్చీల తత్త్వం మరీ విచిత్రం. మామూలు స్విచ్చి విరిగితే దీపం ఆరుతుంది. ఇవి విరిగితే వెలుగుతూనే ఉంటాయి. ఇలాంటి స్వభావం మనుషుల్లో కూడా అరుదు.

అమర్చడానికి మూడు ఆదివారాలు పట్టింది. పెట్రోలు ఇంజను అదురుకు రిసీవరు తట్టుకోవాలని స్పాంజిలో పసిపిల్లలా చుట్టారు. నిప్పురవ్వ పుట్టించే పెట్టెకు వేరే బాటరీ ఇచ్చి, రేడియోకు అడుగుపైన ఎడంగా పెట్టారు. రెండు యాంటెనాలు ఒకదానికొకటి అడ్డంగా. కార్బను కడ్డీలు రేడియో అలలను అడ్డుకుంటాయి గనుక వాటికి దూరంగా. బాటరీలను ముక్కువైపు జరిపేసరికి బరువు తూకం కూడా కుదిరింది. ఆ తరువాత బావగారు ఒక బాటరీ పీకేసి అన్ని పలకలూ ఆడించారు. అది పెట్టి రెండోది పీకారు. చేతిలోని పెట్టె ఆపేస్తే ఇంజను దానంతట అదే నెమ్మదించేలా సరిచేయించారు.

దూలపల్లిలో ఎగరవేసే ప్రసక్తి లేదు. నిజం విమానాలు తిరిగే దారిలో ఇదెందుకు? 2021 నాటి డ్రోన్ నియమాల కింద ఆకాశాన్ని రంగులుగా పంచిన పటం ఒకటుంది. అది చూసుకొని, ఇళ్లకూ కరెంటు తీగలకూ దూరంగా సిద్దిపేట వైపు ఒక బీడు వెతుక్కుని వెళ్లాం. మా ఆవిడ పులిహోర డబ్బాతో సహా వచ్చింది.

మూడుసార్లు చక్కగా ఎగిరింది. నాలుగోసారి కూడా పెద్ద మలుపులు తిరిగి, కొంగలాగా దిగింది. బావగారు మాత్రం ఎప్పటిలాగే వంగి లోపలికి చూశారు. రెండు దీపాల్లో ఒకటి వెలగడం లేదు. మూత తీస్తే, ఒక బాటరీ తీగ కనెక్టరు దగ్గర లోపల రాగి తెగి, పై తొడుగుతో వేలాడుతోంది. ఏ మలుపులో తెగిందో మాకెవరికీ తెలియలేదు. విమానానికీ తెలియలేదు.

మా ఆవిడ ఆ తీగను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తరువాత అందరికీ పులిహోర పెట్టింది. అన్నగారికి రెండోసారి అడక్కుండానే వడ్డించింది.

ఆ రాత్రి ఇంటికొచ్చాక బావగారు తెగిన తీగ మార్చి, రెండోదాన్ని కూడా ఊడదీశారు.

"అది బాగానే ఉందిగా మామయ్యా?" అన్నాడు అబ్బాయి.

"రెండూ ఒక్కరోజునే బిగించాంగా," అన్నారు బావగారు, కత్తెర కోసం చెయ్యి చాస్తూ.