అద్దె మైదానము

పరుల ఇంట కాపురముండువానికి రెండు లెక్కలు తప్పవు. మొదటిది నెలనెలా చెల్లింపవలసిన అద్దె లెక్క. రెండవది ఆ గోడలతో పెనవేసికొనిపోయిన జ్ఞాపకముల లెక్క. మొదటి లెక్క యజమాని పుస్తకమున నుండును; రెండవది ఏ పుస్తకమునను ఉండదు. తగవు వచ్చిననాడు న్యాయస్థానము చూచునది మొదటి లెక్కనే. మనుష్యులు కంటతడి పెట్టునది రెండవదాని కొరకు. ఈ రెండు లెక్కలును పొసగక ఇరువది యేండ్లు నలిగిన ఒక ఊరి కథను, అందుండి మేము గ్రహించినదానిని పాఠకులకు విన్నవింతుము.

ఆ ఊరు ఇంగ్లండులోని కావెంట్రీ. మా మేనల్లుడొకడు పై చదువులకై అక్కడికి వెళ్లిననాటినుండి ఆ ఊరి ముచ్చటలు మా చెవిని పడుచున్నవి. అవి మమ్ము ఆకర్షించుటకు వేరొక కారణము కూడ కలదు. కావెంట్రీ ఒకప్పుడు నేతగాండ్ర ఊరు. పట్టు రిబ్బనుల నేతకు పేరుపొందినది. 1860లో ఫ్రాన్సుతో జరిగిన వర్తకపు ఒడంబడికచే ఫ్రెంచి పట్టు సుంకము లేకయే వచ్చిపడగా అక్కడి మగ్గములు మూలబడెను. నేతపనివారనేకులు పొట్ట చేతబట్టుకొని వలసపోయిరి. పిమ్మట సైకిళ్లు, మోటారుకార్లు ఆ ఊరిని నిలువబెట్టినవి. తెలంగాణపు పల్లెలనుండి మగ్గపు విద్యను వెంటబెట్టుకొని షోలాపూరు చేరిన పద్మశాలీల సంతతివారము మేము. అట్టి ఊరి కష్టము మాకు పరాయిదిగ తోచలేదు.

ఆ ఊరి సింగరు సైకిళ్ల కర్మాగారపు పనివారు 1883లో ఒక ఫుట్‌బాలు జట్టును కట్టిరి. ఈ సింగరు మన ఇండ్లలోని కుట్టుమిషనుల సింగరు కాదు, వేరొక సంస్థ. 1898లో ఆ జట్టు కావెంట్రీ సిటీ యని ఊరి పేరే పెట్టుకొనెను. మరుసటి యేట హైఫీల్డు రోడ్డు మైదానమునకు చేరెను. 106 సంవత్సరములు అదియే దాని ఇల్లు. 1940 నవంబరు 14వ తేది రాత్రి జర్మను బాంబులకు ఊరి నడిబొడ్డున నున్న ప్రాచీన కెథీడ్రలు శిథిలమైనది; యుద్ధము ముగిసిన పిదప ఊరు మరల లేచినది. 1967 మొదలు 2001 వరకు 34 సంవత్సరములు ఆ జట్టు దేశపు మొదటి తరగతిలో నిలిచినది. 1987లో టాటెన్‌హాము జట్టును 3-2 గోలులతో ఓడించి ఎఫ్. ఏ. కప్పును గెలిచినది. తాత తండ్రికి, తండ్రి కుమారునకు చేయిపట్టి చూపిన మైదానమది.

చిక్కు ఇల్లు మార్చుటతో మొదలైనది. పాత మైదానము చాలదని క్లబ్బు పెద్దలు ఊరి ఉత్తరమున, పూర్వము గ్యాసు కార్ఖానా ఉండిన స్థలమున గొప్ప క్రీడాంగణము కట్టదలచిరి. పాతదానిని ఇండ్లు కట్టు కంపెనీకి అమ్మివేసిరి. ఇంతలో 2001లో జట్టు మొదటి తరగతినుండి దిగజారెను. రాబడి తగ్గినది, అప్పులు మీదపడినవి. కొత్త క్రీడాంగణమున తమకు రావలసిన సగభాగపు హక్కును 2003లో ఒక ధర్మసంస్థకు అమ్ముకొని ఆ పూటకు గట్టెక్కిరి. తక్కిన సగము నగరపాలక సంఘమువారిది. 2005 ఏప్రిల్ 30వ తేదిన పాత మైదానమున కడపటి ఆట జరిగినది. డర్బీ జట్టుపై 6-2 గోలుల గెలుపు. ఆ ఆగస్టు మాసమున 32 వేలమంది కూర్చుండగల రికో అరీనాలో అడుగిడునప్పటికి జట్టు ఇంటివాడు కాదు, అద్దెకున్నవాడు.

అద్దె సాలుకు సుమారు 12 లక్షల పౌనులు. ఆటనాడు జనులు కొని తిను పదార్థములమీద, వాహనములు నిలుపు చోట్లమీద వచ్చు లాభములో అధికభాగము క్రీడాంగణపు కంపెనీకే చెందుచుండెను. జట్టు గెలిచి జనమును రప్పించినకొలది లాభపడునది యజమాని. ఓడి జనము తగ్గినపుడు అద్దె మాత్రము తగ్గదు. ఇట్టి ఒడంబడిక ఏనాటికైనను తెగక తప్పదు.

2007 డిసెంబరులో క్లబ్బు దివాలా అంచున నుండగా సీసూ అను పెట్టుబడి సంస్థ దానిని కొనెను. 2012లో జట్టు మూడవ తరగతికి పడిపోయినది. ఆ వసంతమునుండియే కొత్త యాజమాన్యము అద్దె చెల్లించుట మానెను. సాలుకు 4 లక్షల పౌనులకు తగ్గింతుమని క్రీడాంగణపువారు చెప్పినను పొత్తు కుదరలేదు. 2013 జనవరిలో నగరపాలక సంఘము క్రీడాంగణపు కంపెనీకి 144 లక్షల పౌనులు అప్పిచ్చి ఆదుకొనెను. అది అన్యాయపు సహాయమని సీసూ కోర్టుకెక్కెను. 2014లో హైకోర్టు ఆ వాదమును త్రోసివేసినది. 2016లో అప్పీలు కోర్టును అట్లే తీర్పు చెప్పినది. ఒకరిని మోకరిల్లజేయవలెనని ఇంకొకరు చూచుచుండగా నడుమ నలిగినది ఆటయే. 2013 మార్చిలో క్లబ్బు దివాలా వ్యవహారములో చిక్కుకొనగా లీగువారు 10 పాయింట్లు కోసిరి. ఆగస్టులో మరి 10 కోసిరి.

అంతటితో ఆగలేదు. 2013-14 ఆటల కాలమున జట్టు తన ఊరు విడిచి, 35 మైళ్ల దూరమున నున్న నార్తాంప్టను పట్టణపు చిన్న మైదానమున తలదాచుకొనెను. స్వంత ఊరిలో పదివేలకు పైగా వచ్చుచుండిన జనము అక్కడ సగటున రెండున్నర వేలు మించలేదు. ఆ మైదానము ప్రక్కన ఒక దిబ్బ కలదు. యాజమాన్యపు పెట్టెలో పైస వేయమని పట్టుబట్టిన అభిమానులు కొందరు టిక్కెట్టు కొనక, ఆ దిబ్బపై నిలిచి ఆట చూచుచుండిరి. 1961-67 కాలమున జట్టును పైకి తెచ్చిన మేనేజరు జిమ్మీ హిల్. ఇంగ్లీషున హిల్ అనగా గుట్ట. అందుచేత ఆ దిబ్బకు జిమ్మీ గుట్ట యని పేరు పెట్టిరి. మా మేనల్లుడు ఒకసారి వారితోకూడ వెళ్లి నిలిచి వచ్చెను. "మామయ్యా, వాళ్లు జట్టునూ వదల్లేదు, పౌరుషాన్నీ వదల్లేదు. కాని లోపలికి వెళ్లినవాళ్లకూ బయట నిలిచినవాళ్లకూ మాటలు లేవు" అని టెలిఫోనులో చెప్పినాడు. ఆ చివరి మాట మా మనస్సున ముల్లువలె నాటినది.

2014 సెప్టెంబరు 5వ తేదిన జట్టు తిరిగి ఊరు చేరెను. ఆనాడు గిల్లింగాము జట్టుతో ఆట చూడ వచ్చినవారు 27,306 మంది. అభిమానము అణగలేదనుటకు ఇంతకుమించిన సాక్ష్యమేమి? కాని నెల దాటినదో లేదో నగరపాలక సంఘమువారు తమ సగమును వాస్ప్సు అను రగ్బీ క్లబ్బునకు అమ్మిరి. ధర్మసంస్థయు తన సగమును అట్లే అమ్మెను. లండను ప్రాంతమునుండి వచ్చినవారికి 250 యేండ్ల కౌలు దక్కినది. ఊరిలో పుట్టిన జట్టు వారికి అద్దె చెల్లించు స్థితికి వచ్చినది. కోర్టు వ్యాజ్యములు వదలనిదే మాటలు లేవని కొత్త యజమానులు చెప్పగా, 2019లో జట్టు మరల ఊరు విడిచి బర్మింగుహాములో రెండేండ్లు ఆడెను. విచిత్రమేమనగా ఆ పరవాసముననే, 2020లో, మూడవ తరగతి విజేతయై పైకెక్కినది.

యజమానియైనవాడు మాత్రము నిలిచెనా? వాస్ప్సువారు బాండ్లపై తెచ్చిన 350 లక్షల పౌనుల అప్పు తీర్పలేక 2022 అక్టోబరులో దివాలా తీసిరి. ఆ నవంబరులో క్రీడాంగణమును ఫ్రేజర్సు అను వ్యాపారసంస్థ 170 లక్షల పౌనులకు కొనెను. మరుసటి మాసమే జట్టునకు కొత్త షరతులు పెట్టిరి, కాదన్నచో ఖాళీచేయవలెను. 2023 జనవరిలో డగ్ కింగ్ అను ఆయన సీసూనుండి క్లబ్బును పూర్తిగ తన వశము చేసికొనెను. 2025 ఆగస్టులో క్రీడాంగణమును సైతము కొనెను. హైఫీల్డు రోడ్డు విడిచిన 20 యేండ్లకు జట్టు మరల తన కప్పు క్రిందికి వచ్చినది.

ఈ కథ మాకింత పట్టుటకు మా సంఘపు అనుభవమే హేతువు. మేము ముప్పది యేండ్లుగ ఒక అద్దె హాలులో ఉగాది సభలు, మార్కండేయ జయంతి, పిల్లల తెలుగు తరగతి జరుపుకొనుచుంటిమి. హాలు యజమాని అద్దెను ఒక్కసారిగ రెండింతలు చేసెను. చెల్లింపక పంతము పట్టుదమని మా కార్యవర్గమున కొందరు, ఎట్లైన సర్దుకొందమని మరికొందరు వాదులాడిరి. తుదకు తలుపునకు తాళము పడినది. ఊరి ఆవలి కొసను వేరొక హాలు దొరకినది గాని, తెలుగు తరగతికి వచ్చు పిల్లలు నలువదినుండి పదునొకండ్రకు దిగిరి. పెద్దలలోను ఆ హాలునకు వచ్చువారు, రానివారు అని రెండు పక్షములేర్పడెను. జిమ్మీ గుట్ట మాకును ఒకటి లేచినది.

ఇప్పుడు స్వంత స్థలమునకై నిధి కూడుచున్నది. ఇటుకలు పేర్చుట కష్టము కాదు. పేర్చినదానిని నిలుపుకొనుటయే కష్టము. కావెంట్రీవారి కష్టమునకు విత్తనము పడినది అద్దె నిలిపిననాడు కాదు. ఇబ్బంది గడుచుటకై సగము హక్కును అమ్ముకొన్ననాడే. ఆ అమ్మకమునకు ముందు ఆట చూచు వేలమందిని అడిగినవారు లేరు. కావున సభ్యులందరు సమావేశమై ఒప్పుకొననిదే స్థలమును అమ్ముటకు గాని, కుదువబెట్టుటకు గాని వీలులేదని దస్తావేజులోనే వ్రాయింపవలెనని మేము పట్టుబట్టుచున్నాము. కార్యవర్గములు మారును, ఎంత మంచివారికైనను కష్టకాలము వచ్చును. ఆ సమయమున కాపాడునది వ్రాత.

కర్ణాటకమున, తమిళనాట, ఒడిశాలో, మహారాష్ట్రమున, యానాములో స్థిరపడిన మన సంఘములు ఎన్నియో నేటికిని అద్దె గదులలో నడచుచున్నవి. అందు తప్పులేదు. యజమానితో తగవు వచ్చినపుడు కోపమును తగవువరకే ఉంచి, పిల్లల తరగతిని ఒక్క వారమైనను ఆపకుడు. పాఠము తప్పిన పిల్లవానికి అద్దె పుస్తకములో పరిహారము వ్రాయు గడి లేదు.