అంచు ఎక్కడుందని?

శని, ఆదివారాల్లో నేను చేసే పని చెబితే ఆఫీసులో నవ్వుతారు. వంకరటింకర ఆకారాల్ని కొలుస్తుంటాను. అవి ఆకాశంలో కంటికి కనిపించేవీ కావు, కంప్యూటర్లో పుట్టినవి. ఇలస్ట్రిస్ టీఎన్‌జీ అని ఒక సిమ్యులేషన్ ఉంది. బిగ్ బ్యాంగ్ తర్వాత పదార్థం ఎలా పోగుపడి గెలాక్సీలయిందో సూపర్‌కంప్యూటర్ మీద నడిపించి చూసిన లెక్క అది. ఆ డేటాను 2018 డిసెంబరులో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. పేరు నమోదు చేసుకుంటే చాలు. డోన్‌లో పుట్టి, హైదరాబాద్‌లో బ్యాంకుల సాఫ్ట్‌వేర్ రాసుకునే నాకూ దొరికింది.

అందులో టీఎన్‌జీ100 అనే పెట్టె ఒక్కో వైపు దాదాపు 36 కోట్ల కాంతి సంవత్సరాలు. లోపల 600 కోట్లకు పైగా కృష్ణ పదార్థపు కణాలు. కణం అంటున్నాం గానీ, ఒక్కోటి సూర్యుడికి సుమారు 75 లక్షల రెట్లు బరువు! గెలాక్సీల చుట్టూ ఈ పదార్థం గుంపుగా చేరుతుంది. దాన్ని హేలో అంటారు. పుస్తకాల్లో హేలో బొమ్మ బంతిలా గుండ్రంగా ఉంటుంది. డేటాలో చూస్తే ఒకటి చింతకాయలా, ఇంకొకటి పిడికిట్లో నలిపిన పిండి ముద్దలా ఉంటుంది.

మరి దాని సైజెంత? అంతకంటే ముందు, ఏ కణం దానిది, ఏది కాదు? దీనికి ‘స్నేహితుల స్నేహితులు’ అని ఒక పద్ధతి ఉంది. 1985లో డేవిస్, ఎఫ్‌స్టాతియు, ఫ్రెంక్, వైట్ అనే నలుగురు సిమ్యులేషన్లలో వాడాక బాగా స్థిరపడింది. రెండు కణాల మధ్య దూరం ఒక హద్దు లోపుంటే అవి స్నేహితులు. నా స్నేహితుడి స్నేహితుడు నాకూ స్నేహితుడే. అలా అల్లుకుంటూ పోతే ఒక గుంపు తేలుతుంది. ఆ హద్దు ఎంతంటే, కణాల మధ్య సగటు దూరంలో 0.2 వంతు. టీఎన్‌జీ100లో అది దాదాపు 40 వేల కాంతి సంవత్సరాలు. ఎందుకు 0.2, 0.19 ఎందుకు కాదు అంటే, దానికి కొంత భౌతికశాస్త్రం, కొంత అలవాటు. పక్కపక్కన ఉన్న రెండు హేలోల మధ్య సన్నటి కణాల దారి ఉందనుకోండి, ఈ పద్ధతి రెంటినీ ఒక్కటే అనేస్తుంది. హద్దు తగ్గించి చూశా, ఒకటి అనుకున్నది రెండు ముక్కలైంది. కణం ఒక్కటీ కదల్లేదు, నేను అంకె మార్చానంతే.

వాయువు సంగతి ఇంకోలా ఉంటుంది. అక్కడ పెట్టె మొత్తాన్ని చిన్న చిన్న బహుముఖి గదులుగా కోస్తారు, ప్రతి గదికీ దాని ఘనపరిమాణం ఉంటుంది. ఫలానా సాంద్రత దాటిన గదులన్నీ కలిపితే మేఘం ఎంతో తేలుతుంది. ఎంత వంకరగా ఉన్నా ఇబ్బంది లేదు. ఆ ‘ఫలానా’ ఎంతో మాత్రం మళ్లీ మనమే చెప్పాలి.

ఇదంతా ఒకసారి మా నాయనకు చెబుతుంటే, “మన సర్వేయర్లు చేసేదీ ఇదే కదా పాపా” అన్నాడు. నిజమే. పాత ఎఫ్ఎంబీలో పొలానికి ఒక మూల నుంచి ఇంకో మూలకు గీత గీసి, వంపు తిరిగిన చోటల్లా ఆ గీత మీదికి అడ్డకొలత తీసి, ముక్కల్ని త్రిభుజాలు, ట్రపీజియాలు చేసి కూడతారు. గొలుసు 66 అడుగులు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం. గదులుగా కోసి కూడటమే!

నాయన ఊరికే అనలేదు ఆ మాట. రీసర్వే మొదలైనప్పట్నుంచి ఆయనకూ మా చిన్నాయనకూ మాటల్లేవు. వేరుశనగ వేసే చేనుకు మూడు పక్కల రాళ్లున్నాయి, నాలుగో పక్క వంక. గట్టు పైనుంచి కొలిస్తే ఒక లెక్క, వంక అడుగు నుంచి కొలిస్తే 17 సెంట్లు ఎక్కువ. మధ్యలో ఉన్నది తుమ్మచెట్లూ, ఇసకే. ఆ 17 సెంట్ల మీదే రెండిళ్ల పెళ్లిపత్రికలు కూడా ఆగిపోయాయి. రోవర్ నిలబెట్టిన చోటును సెంటీమీటర్ల తేడాతో చెబుతుంది. ఎక్కడ నిలబెట్టాలో చెప్పడం దాని పని కాదు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు పటం మీద రెండు గీతలూ గీసి, ఒక్కోదాని పక్కన ఏది అంచు అనుకుంటే ఎంత వస్తుందో రాసి ఇచ్చా. ఎవరిది ఒప్పో రాయలేదు. నాయనకు అది నచ్చలేదు. “చదివిన దానివి, తేల్చలేవా?” అన్నాడు. కాగితం తీసుకుని చిన్నాయన ఇంటికి నేనే పోయాను. పిన్నమ్మ కాఫీ ఇచ్చింది. ఆయన అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత గట్టు గీత మీద వేలు పెట్టి, “ఇది ఏ ఏటి గట్టుమ్మా? వానొచ్చినప్పుడల్లా జరుగుతాంటుంది కదా” అన్నాడు.

టీఎన్‌జీలో ఒకే విశ్వానికి వేర్వేరు కాలాల్లో తీసిన 100 స్నాప్‌షాట్లు ఉంటాయి. వంకకు ఒక్కటీ లేదు. పాత ఎఫ్ఎంబీ నకలు కోసం అర్జీ పెడదామన్నాను. ఇద్దరి సంతకాలతో పెడదామన్నాడాయన.